అత్తవారింటికి వెళ్ళిన కత్తి

ఒకానొక రాజ్యంలో, భాద్రపద శుద్ధ ఏకాదశి బుధవారం నాడు, పొద్దు పొడిచి ఆరు గడియలైన వేళ, ఒక ఇల్లాలు తన భర్త ముందు అరిటాకు పరిచి, పాలూ పళ్ళూ పెట్టి, "ఇవాళ ఉపవాసం. ఇంతకంటే ఏమీ లేదు" అని చెప్పింది.

భర్త పలకలేదు. పలకడానికి ఆయనకు నోరు లేదు. ఆయన ఒక కత్తి.

ఆ రాజ్యం పేరు తామ్రగిరి. ఆ ఇల్లాలి పేరు గౌరాంబ. మొగలితోపు దొరగారి ఒక్కగానొక్క కూతురు. తామ్రగిరి రాజుగారితో సంబంధం కుదిరిందన్నప్పుడు ఊరంతా పందిళ్ళు వేసింది. తీరా ముహూర్తానికి రాజుగారు రాలేదు, ఆయన కత్తి వచ్చింది. పట్టుదిండు మీద కూర్చోబెట్టి, పిడికి బాసికం కట్టి, దాని పక్కన గౌరాంబను కూర్చోబెట్టారు. రాజుగారి తరఫున ముసలి పురోహితుడొకాయన కత్తిమొనకు మంగళసూత్రం తాకించి, ముత్తైదువ చేత కట్టించాడు. పెద్దింటి పెళ్ళిళ్ళలో అది ఉన్న ఆచారమే. రణంలో ఉన్న రాజు రాలేడు గనక కత్తిని పంపేవాడు. తరవాత తాను వచ్చి ఇల్లాలి చెయ్యి పట్టుకునేవాడు.

ఈ రాజు రణంలో లేడు. తరవాత రానూ లేదు.

ఆయన పేరు రణసింహ భూపతి. ఆయనకు చిహ్నశాస్త్రమంటే తగని మోజు. గొడుగుకు అర్థమేమిటి, పాదుకకు అర్థమేమిటి, నుదుటి బొట్టునూ కాలి మెట్టెనూ చూసి లోకం ఏమనుకుంటుంది, ఒక వస్తువు ఇంకొకదానికి బదులు ఎలా నిలబడుతుంది అని విచారించే విద్య అది. మంచి విద్యే. దేవుణ్ణి రాతిలో చూసుకునే మనకు కొత్తదీ కాదు. అయితే రాజుగారు అందులో తనకు పనికొచ్చే సగం మాత్రమే వంటబట్టించుకున్నాడు.

"మా చిహ్నమే మేము" అని సభలో చాటించాడు. "మా కత్తి మేమే. మా తలపాగా మేమే. మా గొడుగు మేమే. వాటికి చేసిన మర్యాద మాకు చేసినట్టు, వాటి మీద చెయ్యి వేసినవాడు మా మీద చెయ్యి వేసినట్టు."

ఇక అక్కణ్ణుంచి ఆయనకు ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయింది. మంత్రిగారి తల్లి పోతే తలపాగాను పరామర్శకు పంపాడు. అది పీట మీద కూర్చుని ఉంటే మంత్రిగారి ఇంటిల్లిపాదీ దానికేసి చూస్తూ ఏడ్చారు. ఏటిగట్టు తెగి పల్లెలు మునిగితే గొడుగును పంపాడు. "ప్రభువులు వచ్చారు" అని మోకాటిలోతు నీళ్ళల్లో నిలబడి జనం దానికి దండాలు పెట్టారు. గొడుగు తిరిగి వచ్చేసింది. నీళ్ళు అలాగే ఉన్నాయి.

గౌరాంబను పెట్టిన మేడను కోటలో అందరూ 'కత్తివారి మేడ' అనేవారు. దాసీలు వచ్చి మొదట కత్తికి దండం పెట్టేవారు, తరవాత తలలు వంచుకుని తమ పని చేసుకుపోయేవారు. రాచఇల్లాలి పేరు నోటితో పలకకూడదు గనక ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఆ కత్తి రాజవంశపు కత్తి కావడం చేత, భార్య తప్ప ఇంకొకరు చేత్తో ముట్టకూడదని కట్టడి. ఏటా మహర్నవమి నాడు ఆమే దాన్ని పల్లకీలో కూర్చోబెట్టేది. ఆయుధపూజ అయ్యాక మళ్ళీ ఆమే దించుకునేది.

రాజుగారిని ఆమె చూసిందా అంటే, చూసినట్టే. ఊరేగింపు వెళ్ళేటప్పుడు మేడమీద నుంచి చూసేది. పైనుంచి చూసేవాళ్ళకు కనబడేది తెల్లగొడుగు ఒక్కటే. కింద మనిషి ఉన్నాడని నమ్ముకోవడమే.

ఇలా ఏళ్ళు గడిచాయి. తండ్రి పోయాడు. అప్పుడూ పంపలేదు. ఆ భాద్రపదంలో, మొగలితోపు నుంచి వచ్చిన గాజులమ్మి ఆమె చేతికి గాజులు తొడుగుతూ మెల్లగా చెప్పింది. "అమ్మగారికి జ్వరం దొరసానమ్మా. నెల్లాళ్ళుగా మంచం దిగలేదు. 'గౌరి వచ్చిందా' అని గుమ్మంకేసి చూస్తూ పడుకుంటుంది."

గౌరాంబ సెలవు అడిగి పంపింది. ఆ ఏకాదశి నాడు జవాబు వచ్చింది. తెచ్చినవాడు మాచన.

మాచన ఆస్థానంలో నవ్వించేవాడు. నెరిసిన మీసాలు, నీరుకావి పంచె, ఎవరినీ నొప్పించని నోరు. ఆయన భార్య పోయి చాలాకాలమైంది. అందుకనే కాబోలు, మేడలో అడుగుపెట్టి, అరిటాకు ముందు పట్టుదిండు మీద ఉన్న కత్తినీ, పక్కన విసనకర్రతో కూర్చున్న ఆమెనూ చూసి, తెచ్చిన మాట వెంటనే చెప్పలేకపోయాడు.

"వారు రోజూ భోంచేస్తారా తల్లీ?"

"చేస్తారు. వంక పెట్టరు."

"మాట్లాడతారా?"

"మాట్లాడరు. కాబట్టి అబద్ధాలూ ఆడరు. పెళ్ళిలో ప్రమాణాలు కూడా వారు చెయ్యలేదు, పురోహితుడు చేశాడు."

మాచన నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె నవ్వడం లేదు.

"రాజుగారు ఏమన్నారు మాచనగారూ?"

"అత్తవారింటికి ప్రయాణం కట్టడం రాజులకు మర్యాద కాదన్నారు. భర్త వెంట లేకుండా రాచఇల్లాలు కోట గుమ్మం దాటడం ఆచారం కాదన్నారు. కనక..."

"కనక మా అమ్మ నన్ను చూడకుండానే పోవాలి."

కంట నీళ్ళు పెట్టుకుని అన్నమాట కాదు. వంటలో ఉప్పు లేదన్నట్టుగా అంది. అది మాచనకు మరీ కష్టంగా తోచింది. "తల్లీ, నేను తెచ్చిన మాట మళ్ళీ అప్పజెబుతాను, వినండి. భర్త వెంట లేకుండా వెళ్ళకూడదు. అంతే కదా వారన్నది?" అన్నాడు.

"అంతే."

"భర్త ఊళ్ళో లేరా?"

గౌరాంబ విసనకర్ర ఆపింది. దిండు మీది కత్తికేసి చూసింది. మాచన లేచి, కత్తికి సాష్టాంగపడి, "ప్రభువులకు ప్రయాణం శుభమగుగాక" అని వెళ్ళిపోయాడు.

ద్వాదశి పారణ కాగానే కత్తివారి మేడ నుంచి పల్లకీ బయలుదేరింది. కోట గుమ్మం దగ్గర కావలివాళ్ళు బల్లాలు అడ్డం పెట్టారు.

"భర్త వెంట లేనిదే గుమ్మం దాటకూడదు దొరసానమ్మా."

ఆమె తెర తీసింది. ఎదుటి దిండు మీద, కొత్త ఉత్తరీయం కప్పుకుని, కత్తి ఆనుకుని కూర్చుంది.

కావలివాళ్ళు ఉన్నపళాన నేలకు పడ్డారు. వాళ్ళలో పెద్దవాడు నేల మీద నుంచే తల ఎత్తి, "ప్రభువులు ఎక్కడిదాకా..." అని నసిగాడు.

"అత్తవారింటికి" అంది గౌరాంబ.

"శుభం, శుభం" అని దారి ఇచ్చారు. పల్లకీ మలుపు తిరిగాక కుర్రకావలివాడు, "మామా, మనం చేసింది సరైనదేనా?" అని అడిగాడు. "నోరుమూసుకో. ప్రభువులు సతీసమేతంగా వెళ్తుంటే అడ్డుకునే తల నాకు లేదు. నీకుంటే పరిగెత్తుకెళ్ళి అడ్డుకో" అన్నాడు పెద్దవాడు.

మొగలితోపులో పల్లకీ దిగేసరికి, మంచం మీద ఉన్న తల్లి సూరమ్మ గోడ పట్టుకుని గుమ్మందాకా నడిచి వచ్చింది. కూతుర్ని కావలించుకోబోయి, ఆమె చేతుల్లో ఉన్నదాన్ని చూసి ఆగింది.

"ఇదేమిటే?"

"మీ అల్లుడే అమ్మా."

తల్లి చాలాసేపు చూసింది. పాతకాలపు మనిషి. ఇంటికి వచ్చిన అల్లుడికి మర్యాద తప్పితే ఆమెకు నిద్ర పట్టదు. "అయితే అక్కడే నిలబడండి. కాళ్ళు కడగకుండా లోపలికి రాకూడదు" అని చెంబు తెచ్చింది. తెచ్చి, "కాళ్ళు ఏవే?" అంది.

"పిడి కడుగు."

"పిడి తలకాయ కాదుటే? బాసికం పిడికే కదా కట్టారు? కాళ్ళంటే మొనే."

"మొన కడిగితే తుప్పు పడుతుందమ్మా."

"పడితే పడనీ. ఇన్నేళ్ళకు వచ్చిన అల్లుడు కాళ్ళు కడుక్కోకుండా ఎలా?"

ఇద్దరూ మొగం మొగం చూసుకున్నారు. మొదట సూరమ్మ నవ్వింది. తరవాత దగ్గు తెర వచ్చింది. దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వింది. గౌరాంబ తల్లి భుజం మీద తల పెట్టి, ఇన్నేళ్ళదీ ఒక్కసారే ఏడ్చేసింది.

అల్లుణ్ణి చూడడానికి ఊరి ఆడవాళ్ళు వరస కట్టారు.

"సన్నగా ఉన్నాడు సూరమ్మొదినా!"

"రాచబిడ్డ. మన వాళ్ళలా కుండపొట్ట ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"ఇల్లరికం వచ్చేశాడా ఏమిటి? తిరుగు ప్రయాణం మాటే లేదు?"

"ఉంటే మంచిదే. మా అల్లుడికంటే నయం. తాగి రాడు, కూరలో కారం లేదని కంచం విసరడు."

నవ్వులు ఆరుబయటిదాకా వినబడేవి. అందరూ వెళ్ళిపోయాక మాత్రం గౌరాంబ ఆ గదిలో ఒంటరిగా నిలబడి, దిండు మీద మెరుస్తున్న ఇనుముకేసి చూసేది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల భర్త గురించి తల్లికి ఎన్నో చెబుతుంది. ఆమెకు చెప్పడానికి ఏమీ లేదు. వారికి ఏ కూర ఇష్టమో, ఏ మాటకు కోపమో, నిద్రలో గురక పెడతారో లేదో ఏమీ తెలియదు. తల్లీ అడగలేదు. అడగకపోవడమే ఆమె దయ.

ఇక అక్కడ తామ్రగిరిలో, తన కత్తి ఊళ్ళో లేదన్న సంగతి రాజుగారికి నవరాత్రులు వచ్చేదాకా తెలియనే లేదు. మహర్నవమి దగ్గరపడి, ఆయుధపూజకు పల్లకీ పంపితే, మేడ తలుపుకు గడియ పెట్టి ఉంది.

సభ దద్దరిల్లింది. "మా కత్తి ఎక్కడ?"

కావలి పెద్ద వణుకుతూ, "ప్రభువులు అత్తవారింటికి వెళ్ళారు ప్రభూ" అన్నాడు.

దళపతి గుర్రపువాళ్ళతో మొగలితోపు వెళ్ళాడు. మర్నాడు వట్టిచేతులతో వచ్చాడు.

"ఏమైంది?"

"సూరమ్మగారు అరుగు మీద కూర్చున్నారు ప్రభూ. 'అల్లుడుగారిని దసరా పండక్కి నిలుపుకున్నాం. పండగ పూట అల్లుణ్ణి ఎవరైనా లేవదీసుకుపోతారా?' అన్నారు. లోపలికి వెళ్ళబోతే, 'రాజుగారి మీద చెయ్యి వేస్తావా నాయనా? వెయ్యి. ఊరంతా చూస్తోంది' అన్నారు." దళపతి చెమట తుడుచుకున్నాడు. "ఏలినవారి చాటింపు తమరికి తెలుసు కదా. నా చెయ్యి లేవలేదు."

రాజుగారి చూపు మాచన మీద పడింది. మాచన స్తంభం మీది లతల చెక్కడం పరీక్షిస్తున్నాడు.

"సరే. మేమే వెళ్తాం" అన్నాడు రాజు. "నువ్వూ రా."

కోపంలో గుర్రం ఎక్కేశాడు. గొడుగు పట్టేవాడు కాలినడకన ఎంత పరిగెత్తినా అందుకోలేకపోయాడు. మొగలితోపు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. రాజుగారి నెత్తిన ఎండ తప్ప ఏమీ లేదు. మాచన వెనకాల ఒగరుస్తూ దిగాడు.

అరుగు మీద సూరమ్మ కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవరు బాబూ? ఎండన పడి వచ్చారు. మంచినీళ్ళు కావాలా?"

"మేము తామ్రగిరి రాజులం!"

"అయ్యో, అలా అనకండి బాబూ, తప్పు. రాజుగారు లోపల భోజనానికి కూర్చున్నారు. వింటే బాగుండదు."

"అవ్వా! మేమే రాజులం!"

"గొడుగేది నాయనా? కత్తేది? మా అల్లుడుగారు ఇన్నేళ్ళుగా ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. మీరేమో వచ్చిన దగ్గర్నుంచీ అరుస్తున్నారు."

రాజు గుమ్మంలోకి దూసుకొచ్చి లోపలికి చూశాడు. పట్టుదిండు. దిండు మీద వంశపు కత్తి. దాని ముందు నేతిబొబ్బట్లు, పులిహోర, గుమ్మడికాయ దప్పళం, వెన్న కాచిన నెయ్యి. పక్కన విసనకర్రతో ఒక స్త్రీ. ఆమె తలెత్తి ఆయనకేసి చూసింది. ఎవరో బాటసారిని చూసినట్టు చూసింది. నిజంగానే ఆమె ఆ మొగం ఎన్నడూ ఎరగదు.

"ఏమిటిది!" అని అరిచాడు రాజు. "అది కత్తి! ఒట్టి ఇనుము!"



మాచన వెనకనుంచి మెల్లగా, "ఆ మాట మా బోటివాళ్ళు అంటే తల ఉండేది కాదు ప్రభూ" అన్నాడు.

గౌరాంబ విసనకర్ర కింద పెట్టి లేచి వచ్చింది. గొంతు పెంచలేదు.

"మీరు ఎవరో నాకు తెలియదు. ఇది నా భర్త అంటే, పరాయివాళ్ళు వచ్చి పండగపూట నా భర్తను తీసుకుపోతామంటే నేను ఒప్పుకోను. కాదు, ఇది ఒట్టి ఇనుము అంటే, ఇదుగో, తీసుకెళ్ళండి. నేను అడ్డం రాను. కాని అప్పుడు నా మెడలో ఇది ఎవరు కట్టారో చెప్పి వెళ్ళండి. ఇనుముకు పెళ్ళాం ఉండదు. నేను మా అమ్మ దగ్గర ఉంటాను."

 రాజు శాస్త్రంలో వెతుక్కుంటున్నట్టు పైకి చూశాడు. చివరికి, "రాయిని దేవుడని మొక్కడం లేదా లోకం? మేము చేసింది తప్పెలా అవుతుంది?" అన్నాడు. ఆ అడగడంలో ఇందాకటి జోరు లేదు.

"దేవుడు రాయిని పంపి తాను ఊరుకోడు. పిలిస్తే ఆ రాయిలోకి వస్తాడు. అందుకని అది దేవుడు. నేను ఇన్నేళ్ళు రోజూ పిలిచాను. దీనిలోకి ఎవరూ రాలేదు."

  రాజు కత్తికేసి చూశాడు, కత్తి ముందున్న విస్తరికేసి చూశాడు. బొబ్బట్టు మీద నెయ్యి పేరుకుపోయి ఉంది. పిడి దగ్గర ఎవరో జాగ్రత్తగా తాంబూలం కూడా పెట్టారు.

"తాంబూలం వేసుకుంటామా మేము?" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

"వేసుకోరు. కాని మర్యాదకు పెడుతున్నాం" అంది సూరమ్మ గుమ్మంలోంచి.

రాజుకు నవ్వు వచ్చింది. మొదట ముక్కులోంచి వచ్చింది, తరవాత కడుపులోంచి. గోడకు ఆనుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. మాచన నవ్వాడు, సూరమ్మ నవ్వింది, గోడల మీంచి తొంగిచూస్తున్న ఊరు నవ్వింది. గౌరాంబ పెదవి కూడా కొంచెం కదిలింది.

నవ్వు ఆగాక రాజు అరుగు మీద చతికిలబడి మంచినీళ్ళు అడిగాడు. తాగి, "ఇదంతా నీ పనే కదూ?" అన్నాడు మాచనతో.

"నాదేం లేదు ప్రభూ. భర్త వెంట ఉంటే వెళ్ళవచ్చన్నారు తమరు. ఆ మాట అక్షరం తగ్గకుండా అప్పజెప్పాను."

రాజు తన ముంజేతి బంగారు కడియం తీసి అతనికి ఇచ్చాడు. మాచన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కడియమా ప్రభూ, లేక ఏలినవారా? ఏలినవారైతే మా ఇంట్లో వంట చేసిపెట్టే దిక్కు లేదు" అన్నాడు.

"కడియమేనయ్యా! తొడుక్కుని చావు!" అని రాజు మళ్ళీ నవ్వాడు.

వెళ్ళేముందు లేచి, గుమ్మం ఇవతలే నిలబడి, కాస్త తడబడుతూ, "మేడ ఖాళీగానే ఉంటుంది. ఈసారి మేమే వచ్చి..." అన్నాడు. గౌరాంబ చేతులు జోడించింది. ఆ దండంలో కోపం లేదు, రమ్మనడమూ లేదు. ఆయనకు ఆ ఒక్క చిహ్నం మాత్రం ఎవరూ విప్పి చెప్పకుండానే అర్థమైంది.

"ఆమె ఎక్కడ ఉండేదీ ఆమె ఇష్టం" అని దారిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటూ, కత్తిని తానే మోసుకుంటూ వెళ్ళాడు.

మర్నాడు పొద్దెక్కాక కూడా గౌరాంబ లేవలేదు. "ఏమే, ఇంకా ఎంతసేపు పడుకుంటావు? పేడనీళ్ళు ఎవరు చల్లుతారు? నేను చల్లనా, ఈ దగ్గుతో?" అని సూరమ్మ పెరట్లోంచి కేకేసింది. గౌరాంబ కళ్ళు మూసుకునే ఉండి, ఆ తిట్టు పూర్తిగా విన్నది. రెండోసారి తిట్టాకనే లేచింది.

స్నానాలు చేసి ఇద్దరూ పొలిమేర అమ్మవారి గుడికి నడిచారు. సూరమ్మ దారిలో రెండుచోట్ల కూర్చుని ఊపిరి తీసుకుంది. గౌరాంబ పుస్తెలు తీసి, పసుపుకుంకాలతో అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకుంది. తిరిగి వస్తుంటే, వాకిళ్ళలో బియ్యం ఏరుకుంటున్న ఆడవాళ్ళు ఆమె మెడకేసి చూశారు, కాళ్ళకేసి చూశారు. ముత్తైదువ అనాలో, కన్నెపిల్ల అనాలో, మరింకేమనాలో వాళ్ళకు తోచలేదు.

"నిన్ను ఏమని పిలవాలమ్మా ఇప్పుడు?" అని ఒకావిడ అడగనే అడిగింది.

"గౌరి అని పిలవండి. ఆ పేరు నేనే పెట్టాను" అని సూరమ్మ ఆగకుండా నడిచింది.

ఇంటికి వచ్చాక పెరట్లో ఎండపొడలో కూతుర్ని కూర్చోబెట్టి, నూనె రాసి, తల దువ్వసాగింది. చెవి వెనకాల ఒక తెల్లవెంట్రుక దొరికింది. పక్కన ఇంకొకటి. సూరమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. రెంటినీ పాయ లోపలికి మడిచేసి, జడ బిగించి అల్లుతూ, "కదలకు" అంది.

గౌరాంబ కదలలేదు.